లినక్స్‌లో సౌండ్ సర్వర్లు

లినక్స్ తొలి రోజుల్లో సౌండ్ కార్డు ఒక ఫైలుగా కనిపించేది. ఓఎస్ఎస్ పద్ధతిలో, పాట వినిపించాల్సిన ప్రోగ్రాం /డెవ్/డీఎస్‌పీ ఫైలును తెరిచి అందులో శబ్దాన్ని రాసేది. చాలా కార్డుల్లో ఆ ఫైలు ఒకసారికి ఒక్కరికే దక్కేది. పాట నడుస్తుండగా ఇంకో ప్రోగ్రాం మోగబోతే, పరికరం ఖాళీ లేదన్న సందేశమే మిగిలేది.

దీనికి విరుగుడే సౌండ్ సర్వర్. కార్డును అదే పట్టుకుని, అందరి శబ్దాన్నీ కలిపి పంపుతుంది. గ్నోమ్ ఈఎస్‌డీని, కేడీఈ ఆర్ట్స్‌ను ఎంచుకోవడంతో తగవు కాస్తా సర్వర్ల మధ్యకు చేరింది. ఆలస్యాన్ని భరించలేని స్టూడియో పనికి పాల్ డేవిస్ రాసిన జాక్ వేరే దారి. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్‌తో డ్రైవర్ల బాధ్యత ఓఎస్ఎస్ నుంచి ఆల్సా అనే మరో పద్ధతికి మారింది.

లెనార్ట్ పోటెరింగ్ రాసిన సౌండ్ సర్వర్ పల్స్‌ఆడియో 2007లో ఫెడోరా 8లోకీ, మరుసటి ఏడాది ఉబుంటు 8.04లోకీ వచ్చింది. గరగరలు, మధ్యలో తెగిపోయే పాటలు దానికి చెడ్డపేరు తెచ్చాయి. నింద పూర్తిగా న్యాయం కాదు: టైమింగ్‌ను తప్పుగా చెప్పే డ్రైవర్లు చాలానే బయటపడ్డాయి. విసిగినవారు సర్వర్‌ను ఆపేస్తే, అది తనంతట తానే మళ్లీ లేచేది.

విమ్ టేమన్స్ మొదట వీడియో కోసం తలపెట్టిన పైప్‌వైర్ 2021లో ఫెడోరా 34లో పల్స్‌ఆడియో స్థానం తీసుకుంది. అది పల్స్‌ఆడియో భాషా, జాక్ భాషా మాట్లాడుతుంది. అందుకే శబ్దం రానప్పుడు మొదటి పరీక్ష ‘పాక్టల్ ఇన్ఫో’ ఆదేశం: సర్వర్ పేరు పల్స్‌ఆడియో అని ఉన్నా, పక్కనే పైప్‌వైర్ కనిపిస్తే నడుస్తున్నది అదే.