ఈవ్లిన్ విట్కిన్: తప్పు రాసుకునైనా బతకడం

ఇంజినీరింగ్‌లో ఇమేజ్ ప్రాసెసింగ్ వైపు వెళ్ళినవాళ్ళకి ఆండ్రూ విట్కిన్ పేరు తెలిసే ఉంటుంది. ఫోటోలోని వస్తువు అంచుని పాములాగా చుట్టుకుని పట్టుకునే పద్ధతి మీద 1980లలో ఆయన, సహచరులు రాసిన పేపర్ పేరే ‘స్నేక్స్’. ఆయన గురించి వెతుకుతూ నేను వాళ్ళమ్మ దగ్గర ఆగిపోయాను. ఈవ్లిన్ విట్కిన్ (1921–2023) జన్యుశాస్త్రవేత్త. బాక్టీరియాలో మ్యుటేషన్లు ఎలా పుడతాయన్న ప్రశ్న మీద నాలుగు దశాబ్దాలకు పైగా పనిచేశారు. ఆవిడ కథలోనూ పాముల్లాంటివి ఉన్నాయి. వాటి దగ్గరకి వస్తాను.

‘పెద్దమనుషుల ఒప్పందం’ అనగానే మనకి 1956 గుర్తొస్తుంది. అమెరికా కాలేజీ ఆటల్లో ఆ మాటకి ఇంకో అర్థం ఉండేది: నల్లవాళ్ళతో ఆడమనే కాలేజీతో పోటీ ఉంటే, మన జట్టులోని నల్లజాతి ఆటగాణ్ణి పక్కన పెట్టాలి. 1940లో న్యూయార్క్ యూనివర్సిటీ జట్టు మిస్సోరీ యూనివర్సిటీతో ఆడటానికి వెళ్తూ లియొనార్డ్ బేట్స్‌ని అలాగే వదిలేసింది. నిరసన తెలిపిన విద్యార్థుల్లో ఏడుగురిని 1941లో మూడు నెలలు సస్పెండ్ చేశారు. వాళ్ళలో ఈవ్లిన్ ఒకరు. అక్కడే పై చదువులు చదవాలన్న ఆలోచన పక్కకిపోయింది. కొలంబియాలో థియొడోసియస్ డాబ్‌జాన్‌స్కీ దగ్గర చేరారు.

డాబ్‌జాన్‌స్కీ ఈగల మీద పనిచేసే మనిషి. అయినా 1943లో లూరియా, డెల్‌బ్రుక్ రాసిన పేపర్ ఈవ్లిన్‌కి చదవమని ఇచ్చారు. వైరస్‌ని తట్టుకునే బాక్టీరియా ఆ వైరస్ వచ్చాక తయారవ్వదు, అంతకుముందే ఆ గుంపులో ఉంటుంది అని తేల్చిన పేపర్ అది. మ్యుటేషన్ అవసరాన్ని బట్టి వచ్చేది కాదు, అదాటున జరిగేది అన్నమాట. ఆ పేపర్‌తో ఈవ్లిన్ బాక్టీరియా వైపు మళ్ళారు.

ఆవిడ గురించి ఎవరు రాసినా తప్పకుండా చెప్పే సంఘటన ఈ తర్వాతది. 1944 వేసవిలో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ లాబ్‌కి వెళ్ళారు. బాక్టీరియాతో అంతకుముందు పని చేసిన అనుభవం లేదు. మొదటి ప్రయోగంలో ఈ.కోలై ‘బి’ రకం మీద అతినీలలోహిత కిరణాలు పెట్టారు. మోతాదు మరీ ఎక్కువైంది. ప్లేటులో నాలుగంటే నాలుగు కాలనీలు మిగిలాయి. ఇంకొకరైతే ప్లేటు పారేసి డోసు తగ్గించేవారు. ఆవిడ మాత్రం ఈ నాలుగూ ఎందుకు బతికాయని అడిగారు. వాటిని పెంచి మళ్ళీ కిరణాలు పెడితే, అవి తల్లి రకం కన్నా బాగా తట్టుకున్నాయి. లూరియా, డెల్‌బ్రుక్ చెప్పినట్టే ఆ గుణం కిరణాలు తగలకముందే ఉంది. 1947లో దాని మీదే పీహెచ్‌డీ వచ్చింది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అక్కడితో ఆపితే ఆవిడ ఒక అదృష్టవంతురాలిగా మిగిలిపోతారు. నాకు మాత్రం ఆ తర్వాతి ఇరవై మూడేళ్ళ మీద ఆసక్తి.

మైక్రోస్కోప్‌లో చూస్తే, కిరణాలు తగిలిన మామూలు ‘బి’ కణాలు వెంటనే చావడం లేదు. పెరుగుతున్నాయి కానీ రెండుగా చీలడం లేదు. పొడుగ్గా సాగి, పాముల్లా తయారై, ఆ తర్వాత చస్తున్నాయి. బతికిన రకం మళ్ళీ విభజన మొదలుపెట్టగలుగుతోంది. అంటే ఇక్కడ చావు కిరణాల దెబ్బ వల్ల నేరుగా రావడం లేదు. దెబ్బకి కణం తనంతట తను చేస్తున్న పనేదో మధ్యలో ఉంది.

మ్యుటేషన్ల విషయంలోనూ ఇలాంటి ఖాళీయే కనిపించింది. కిరణాలు పెట్టాక కాసేపు ప్రోటీన్ తయారీ ఆపితే, రావలసిన కొన్ని రకాల మ్యుటేషన్లు మాయమవుతున్నాయని 1950లలో చూపించారు. డీఎన్‌ఏకి తగిలిన దెబ్బ వేరు, మ్యుటేషన్ వేరు. మొదటిది రెండోదిగా మారడానికి టైమ్ పడుతుంది, ఆ మధ్యలో కణం దాన్ని బాగుచేసుకోవచ్చు. ఈ పని చేయలేని రకాన్ని కూడా ఆవిడే పట్టుకున్నారు. దాని వెనకున్న ప్రోటీన్ ఏం చేస్తుందో 1993లో గానీ తెలియలేదు.

ఈలోగా పిల్లలు పుట్టారు, కొన్నాళ్ళు పార్ట్‌టైమ్‌గా పనిచేశారు, 1955లో బ్రూక్లిన్‌లోని మెడికల్ కాలేజీకి మారారు. ప్రశ్న మారలేదు.

1967లో జవాబు పక్క వీధిలో దొరికింది. కొన్ని వైరస్‌లు బాక్టీరియా డీఎన్‌ఏలో నిద్రపోతుంటాయి. అతినీలలోహిత కిరణాలు తగిలితే లేస్తాయి. పారిస్‌లో ఆంద్రే ల్వోఫ్ బృందం 1950లోనే దీన్ని చూసింది. వైరస్‌ని నిద్రపుచ్చేది రిప్రెసర్ అనే ప్రోటీన్. పాముల్లా సాగడం, వైరస్ లేవడం ఒకేలాంటి పరిస్థితుల్లో జరుగుతున్నాయని విట్కిన్ గమనించి, కణం సొంత జన్యువుల మీద కూడా అలాంటి రిప్రెసర్ కాపలా ఉండాలని ప్రతిపాదించారు. మిరోస్లావ్ రాడ్మన్ మ్యుటేషన్లను కూడా ఇందులోకి తెచ్చి, దీనికి ఎస్ఓఎస్ అని పేరు పెట్టారు. 1976లో విట్కిన్ రాసిన సుదీర్ఘ సమీక్ష ఈ ముక్కలన్నిటినీ ఒకచోట చేర్చింది.

ఇప్పుడు మనకి తెలిసిన బొమ్మ ఇది. లెక్స్‌ఏ అనే ప్రోటీన్ మామూలు రోజుల్లో 40కి పైగా జన్యువులను నోరెత్తనివ్వదు. డీఎన్‌ఏ దెబ్బతింటే రెక్‌ఏ పసిగట్టి లెక్స్‌ఏ తెగిపోయేలా చేస్తుంది. ముందుగా, సరిగ్గా బాగుచేసే జన్యువులు లేస్తాయి. వాటివల్ల కాకపోతే ఆఖర్న ఒక ఎంజైమ్ వచ్చి, చదవడానికి వీల్లేని చోట ఏదో ఒక అక్షరం పెట్టి కాపీని ముందుకి నడుపుతుంది. నా ఉద్యోగంలో ఇది కొత్తేం కాదు. ఒక రికార్డు పాడై సర్వీసు మొత్తం ఆగిపోతుంటే, అక్కడ ఏదో ఒక విలువ పెట్టి పంపించేస్తాం. తప్పని తెలుసు. ఆగిపోవడం అంతకన్నా పెద్ద తప్పు.

దీన్ని చదివి, బాక్టీరియా తనకి కావలసిన మార్పుని తెచ్చుకుంటుందని అనుకోకూడదు. ఏ అక్షరం మారితే మేలో కణానికి తెలీదు, అది అదాటే. కానీ ఎప్పుడు, ఎంత ఎక్కువగా మారాలన్న దాంట్లో కణం చెయ్యి ఉంది. 1944లో నాలుగు కాలనీలు చెప్పింది మొదటి మాట. రెండో మాట చెప్పడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. రెండూ ఒకే మనిషి చేతుల మీదుగా నడవడం నాకు ఆవిడ జీవితంలో అన్నిటికన్నా పెద్ద విషయంగా కనిపిస్తుంది.

ఇది లాబ్‌లో ఉండిపోయే సంగతి కూడా కాదు. మన మెడికల్ షాపుల్లో అమ్మే సిప్రోఫ్లాక్ససిన్ పనిచేసేది బాక్టీరియా డీఎన్‌ఏని దెబ్బతీసే. అంటే ఎస్ఓఎస్‌ని మేల్కొలుపుతుంది. లెక్స్‌ఏ తెగకుండా చేస్తే, ఆ మందుకి లొంగని రకాలు పుట్టడం బాగా తగ్గిపోతుందని ప్రయోగాల్లో తేలింది.

1977లో నేషనల్ అకాడమీకి ఎన్నికయ్యారు. 2002 సంవత్సరానికి నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్ వచ్చింది. స్టీఫెన్ ఎలెడ్జ్‌తో కలిపి లాస్కర్ అవార్డు ఇచ్చిన 2015 నాటికి ఆవిడకి 94 ఏళ్ళు. 102వ ఏట పోయారు. ఆవిడ గురించి పిల్లలకి చెప్పేటప్పుడు నాలుగు కాలనీల కథ చెప్పండి, బాగుంటుంది. దాని పక్కనే, అవి ఎందుకు బతికాయన్న ప్రశ్నకి సరైన జవాబు ఊహించడానికే 1967 దాకా పట్టిందని కూడా చెప్పండి.