పిల్లలల్ల నా పాలెంత?

మొన్నామధ్య లంచ్ టైములో మా టీములో మిత్రుడొకాయన నా పక్కన కూర్చుని, "మీది కోహీర్ కదా, అక్కడ మీవాళ్ళెవరైనా కుక్కని పెంచుతారా?" అని అడిగాడు. ఆయనకి కారవాన్ హౌండ్ల పిచ్చి. హైదరాబాద్ శివార్లలో చిన్న స్థలంలో నాలుగైదు పెంచుతున్నాడు. వాటిలో పద్నాలుగు నెలల ఆడకుక్క ఒకటుంది. పొద్దున్న గంటసేపు పరిగెత్తించినా సాయంత్రానికి గేటు దూకేస్తుందట. అమ్ముదామంటే మనసొప్పదు, దాని సంతానం కావాలి. అందుకని దానికి 'గార్డియన్ హోమ్' వెతుకుతున్నాడు.

అంటే ఏంటంటే... కుక్క ఒక కుటుంబంలో ఉంటుంది, పిల్లలు పెట్టించుకునే హక్కు మాత్రం బ్రీడరుది. ఈతకి తీసుకెళ్తాడు, పిల్లలు పాలు మానాక తల్లిని తిరిగి తెచ్చిస్తాడు. నాలుగైదు ఈతలయ్యాక ఆపరేషన్ చేయించి, కుక్కని ఆ ఇంటికే వదిలేస్తాడు. అమెరికా బ్రీడర్లలో బాగా వాడుకలో ఉన్న పద్ధతి. మన భాషలో చెప్పాలంటే హోస్టింగ్ ఒకళ్ళది, ఐపీ హక్కులు ఇంకొకళ్ళవి :)

కోహీర్‌లో మా చిన్నాయనకి జామతోట ఉంది. కుక్క పరిగెత్తడానికి కావలసినంత చోటు. ఓ ఆదివారం వెళ్ళి ఆ మూడు పేజీల ఇంగ్లీషు అగ్రిమెంటు ఆయనకి తెలుగులో చదివి వినిపించాను. అంతా విని ఆయన ఒక్కటే అడిగాడు.

"గిది పాలుకిచ్చుడే గదరా. మరి పిల్లలల్ల నా పాలెంత? అది రాయలేదా?"

నిజంగానే రాయలేదు! మూడు పేజీలు తిరగేసినా లేదు.

సిటీలో పెరిగినవాళ్ళకి చెప్పాలి కాబట్టి చెప్తున్నా. ఉన్నవాడు తన పెయ్యనో మేకనో లేనివాడికి ఇస్తాడు. మేత, నీళ్ళు, చాకిరీ పెంచినవాడివి. ఈనినప్పుడు పుట్టినవాటిలో ఇద్దరికీ పాలు, అంటే వాటా. దేవణి ఆవులకి పేరుపడ్డ నేల మాది. జహీరాబాద్ తాలూకా 1956 దాకా బీదర్ జిల్లాలోనే ఉండేది. ఇక్కడ ఎంతోమంది ఇంట్లో మొదటి పశువు ఇలా వచ్చిందే. తూర్పు గోదావరి మన్యంలో అసీల్ కోళ్ళకి కూడా ఇదే పద్ధతి, అక్కడ దాన్ని 'వాటా' అనే అంటారు.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. దేవుడి పేరున అచ్చు వేసి వదిలిన ఆంబోతు. దానికి యజమాని లేడు. ఎవరి చేలో పడ్డా కొట్టేవాళ్ళు కాదు. ఊరంతా మేపేది, ఊరి ఆవులన్నీ దానితోనే కట్టేవి. మనం తిట్టుగా వాడే మాట అసలు ఒక ఊరు ఉమ్మడిగా నడిపిన గార్డియన్ హోమ్ అన్నమాట!

ఇదేదో మన పల్లెలకే పరిమితం అనుకోకండి. ఇంగ్లండులో నక్కల వేటకి పెంచే హౌండు కూనల్ని రైతుల ఇళ్ళకి పంపేవారు. ఏడాది తిరిగేలోపు తిరిగి దొరగారి కుక్కలదొడ్డికి చేర్చాలి. కొన్ని పాత కౌలు పత్రాల్లో అయితే దొర కోసం ఒక కుక్కనో పందెం కోడినో మేపాలన్నది షరతు. ఒప్పుకోకపోతే భూమి లేదు. అంటే అది పాలు కాదు, వెట్టి.

అదే దేశంలో 1956లో అంధులకి దారి చూపే కుక్కల సంస్థ కూనల్ని వాలంటీర్ల ఇళ్ళలో పెంచడం మొదలుపెట్టింది. దాని బ్రీడింగ్ కుక్కలు కూడా ఇప్పుడు మామూలు ఇళ్ళలోనే ఉంటాయి. తిండి ఖర్చు, వైద్యం ఖర్చు సంస్థే భరిస్తుంది. వాలంటీరుకి డబ్బు ముట్టదు కానీ ఎవరి కోసం చేస్తున్నాడో తెలుసు.

ఇక మన హౌండు సంగతి. కారవాన్ హౌండునే ముధోల్ హౌండు అని కూడా అంటారు. ముధోల్ సంస్థానాధీశుడు మాలోజీరావు ఘోర్పడే అయిదో జార్జి చక్రవర్తికి ఒక జంటని కానుకగా ఇచ్చాడు, దాంతో ఆ పేరు స్థిరపడింది. 2005లో మన తపాలా శాఖ ఈ కుక్క మీద స్టాంపు కూడా వేసింది. అంతా బాగుంది. కానీ దక్కన్ పల్లెల్లో జొన్న సంకటి పెట్టి ఈ జాతిని ఇన్ని తరాలు బతికించినవాళ్ళ పేరు ఒక్కటైనా మనకి తెలుసా? రాజు పేరు తెలుసు, ఊరి పేరు తెలుసు, అంతే. చరిత్ర యజమానిని గుర్తుపెట్టుకుంటుంది, పెంచినవాణ్ణి మర్చిపోతుంది.

నా మిత్రుడి అగ్రిమెంటులో జరిగిందీ అదే. "కుక్కని ఫ్రీగా ఇస్తున్నా కదా, ఇంకేం కావాలి?" అన్నాడు. ఏళ్ళ తరబడి తిండి పెట్టి, రాత్రుళ్ళు కాపలా కాసి, సరిగ్గా ఈతకి ముందు కారెక్కించి పంపేవాడికి అది ఫ్రీ ఎలా అవుతుంది? మన క్లయింట్లు మనతో ఇలా మాట్లాడితే ఊరుకుంటామా?

ఆయన్ని తప్పుపట్టడం లేదు. కుక్క మీద ప్రేమ ఉన్న మనిషే. 2017 కేంద్ర నిబంధనల్ని కూడా కాగితంలో పెట్టాడు: 18 నెలలు నిండకుండా, 8 ఏళ్ళు దాటాక పిల్లలు పెట్టించకూడదు, మొత్తం అయిదు ఈతలు మించకూడదు. కుక్క హక్కులు రాశాడు, తన హక్కులు రాశాడు. మధ్యలో మనిషిని మర్చిపోయాడు.

చిన్నాయన మూడు కోరాడు. ఈతకో పిల్ల తనకి. వైద్యం ఖర్చు యజమానిది. ఈత తోటలోనే జరగాలి, "నిండు సూలుతో ఉన్నదాన్ని ఇల్లు మార్పిస్తరా ఎవరన్న?" అన్నాడు. మొదటి రెండూ మిత్రుడు ఒప్పుకున్నాడు. మూడోది ఇంకా తేలలేదు. తేల్చుకోవడానికి నాలుగు నెలలు టైముంది. కాగితంలో 'పెంచినవారు' అని ఒక లైను నేను చేర్చాను, చిన్నాయన పేరు రాశాను.

కుక్క కోహీర్ చేరి రెండు వారాలయింది. తోట చుట్టూ పరిగెత్తి పరిగెత్తి రాత్రికి చిన్నాయన మంచం కింద పడుకుంటోందట. మొదటి వారంలోనే పక్కింటివాళ్ళ కోడిని పట్టేసింది. ఆ కోడి డబ్బు ఎవరివ్వాలన్నది కూడా అగ్రిమెంటులో లేదు. చిన్నాయనే ఇచ్చేశాడు.