గాలిని నమ్ముకున్న టవర్లు

1965 నవంబరు 1, సోమవారం. ఇంగ్లండులోని యార్క్‌షైర్‌, ఫెర్రీబ్రిడ్జ్. పొద్దుటి నుంచీ పడమటి గాలి విసిరి కొడుతోంది. ఎయిర్ నది దగ్గర కొత్త థర్మల్ కేంద్రం పని ఇంకా సాగుతూనే ఉంది. నాలుగేసి చొప్పున రెండు వరసల్లో ఎనిమిది కూలింగ్ టవర్లు, ఒక్కోటీ 114 మీటర్ల ఎత్తు. పాల్వంచలో 2024లో కూల్చేసినవి గుర్తున్నాయా? అదే తీరు: నడుము దగ్గర సన్నబడి పైన మళ్లీ విచ్చుకుంటాయి.

పదిన్నర ప్రాంతంలో వెనక వరసలోని ఒక టవర్ గోడ ఊగడం మొదలుపెట్టింది. అంత కాంక్రీటూ దండెం మీది చీరలా లోపలికీ బయటికీ అలలు తిరిగింది. అంతే, కుప్పకూలింది. కాసేపటికి పక్కది. ఇంచుమించు గంటలో మూడోది. టవర్ కూలడం ఫిల్ముకు కూడా ఎక్కింది. అదృష్టం, ఒక్క ప్రాణమూ పోలేదు.

అసలు అంతెత్తున కట్టిందే కరెంటు మిగులుతుందని. ఫ్యాన్ల టవరైతే మోటార్లు రాత్రింబవళ్లు తిరగాలి. దీనికి ఫ్యానే లేదు. టర్బైన్ తిప్పిన ఆవిరిని నీరు చేసే కండెన్సర్ నుంచి వచ్చిన వేడినీళ్లు లోపల చినుకులై పడుతుంటే, వేడెక్కి చెమ్మగిల్లిన గాలి తేలికై పైకి పోతుంది. కింది నుంచి చల్లగాలి దానంతటదే దూరుతుంది. నీళ్లు ఎంత చల్లబడితే కండెన్సర్‌లో వాక్యూమ్ అంత బాగుంటుంది, అదే బొగ్గుకు అంత ఎక్కువ కరెంటు వస్తుంది. ఇందులో వంక పెట్టడానికేం లేదు. పొదుపు గోడల్లోకీ పాకింది, అక్కడొచ్చింది చిక్కు: 5 అంగుళాల మందం, మధ్యలో ఒకే వరస కడ్డీలు.

డిజైనర్లు లెక్కకు తీసుకున్నది నిమిషం పాటు వీచే గాలి సగటు వేగం. కూల్చింది మాత్రం క్షణాల్లో వచ్చిపోయే విసురు. పైగా ముందు వరస సందుల్లోంచి దూసుకొచ్చిన గాలి వెనక వరసను ఎలా కొడుతుందో ఎవరూ చూడలేదు.

గోడకుండాల్సిన భద్రతా మార్జిన్ ఎలా ఆవిరైందో చిన్న లెక్కతో తేలుతుంది. గాలి గోడను పైకి లేపే బలం 100 వంతులనుకోండి. గోడ బరువే 80ని అణిచిపెడుతుంది, కడ్డీలు మోయాల్సింది 20. ఆ బలం 120 అయితే? బరువు పెరగదు కదా, కడ్డీల మీద 40 పడుతుంది. అయిదో వంతు తేడాకే భారం రెట్టింపు!

పడిన మూడింటినీ దిట్టంగా మళ్లీ కట్టారు, నిలిచిన అయిదింటినీ బలపరిచారు. ఫ్యాన్లు మాత్రం పెట్టలేదు. 1966 ఫిబ్రవరిలో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టిన ఆ కేంద్రం 2016లో మూతపడింది.