ఒక్క బస్సు నుంచి మోటారు దాకా: జి.డి. నాయుడుగారు మనకు విడిచిన పాఠం



కొత్త టెక్నాలజీ వ్యాపారం పెడతామంటూ మన పిల్లలు సంఘం సాయం అడుగుతున్నారు. ఏది నిలుస్తుందో, ఏది మూలన పడుతుందో చెప్పలేని కాలం. మన కోయంబత్తూరు ఇలాంటి కాలాన్ని ఇదివరకే చూసింది.

జి.డి. నాయుడుగారు 1893లో కలంగల్‌లో మన తెలుగు ఇంట పుట్టారు. హోటల్లో సర్వరుగా చేసి కూడబెట్టిన డబ్బుతో మోటారు సైకిలు కొని, విప్పి బిగించి పని నేర్చుకున్నారు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టారు. అదే పెరిగి యు.ఎం.ఎస్. అయింది. బస్సులు డబ్బు తెచ్చాయి. వాటిని నడిపించడానికి మెకానిక్కులు, వర్క్‌షాపు కావలసి వచ్చాయి. తర్వాతి అడుగుకు పెట్టుబడి ఇదే.

1930ల్లో పైకారా కరెంటు వచ్చింది. ఊళ్ళో మిల్లులు పెరిగాయి. చుట్టూ మెట్ట నేల, లోతు బావుల దగ్గర ఎద్దులతో కపిల తోలే రైతులు. కరెంటు ఉంది, బావిలో నీళ్ళున్నాయి. మధ్యలో లేనిది మోటారు. కావాలంటే సీమ నుంచి రావాలి. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి పీలమేడులో మోటారు తయారుచేశారు. దేశంలో అదే మొదటిదంటారు. రెండేళ్ళకే యుద్ధం వచ్చి దిగుమతులు కష్టమయ్యాయి. యుద్ధం ఎవరి చేతిలోనూ లేదు; పనితనం మాత్రం అప్పటికే చేతిలో ఉంది.

ఒక మాట దాచకూడదు. ఆయన చేసినవన్నీ వ్యాపారాలు కాలేదు. ఎలక్ట్రిక్ రేజరు నేడు మ్యూజియంలో చూసే వస్తువు. మోటారు పరిశ్రమ మాత్రం ఊరంతా పాకింది. రెండింటిలోనూ తెలివి ఉంది. మోటారుకు మాత్రం కొనే రైతు పక్కనే ఉన్నాడు, బాగుచేసే మనిషి వీధిలోనే ఉన్నాడు.

అందుకే ఆయన పటానికి దండ వేసి ఊరుకుంటే చాలదు. సాయం అడిగే పిల్లలను మూడు అడుగుదాం: నీ వస్తువు ఎవరికి కావాలి? అది తప్పితే నిలబెట్టే రాబడి ఏది? తప్పినా నీ చేతిలో మిగిలే విద్య ఏది? మూడోదానికి జవాబున్న బిడ్డకు డబ్బు ఇద్దాం. ఆ వ్యాపారం పోయినా మన సొమ్ము పోదు.

మీ ఊళ్ళో ఇలా ఎదిగినవాళ్ళుంటే కింద రాయండి.