డొమైన్ గడప దాటని ఇంటి కంప్యూటర్

చవగ్గా వస్తున్నాయని నాలుగు హోమ్ ఎడిషన్ కంప్యూటర్లు కొని ఆఫీసులో పెట్టడం, తర్వాత సిస్టమ్స్ చూసే కుర్రాడు వచ్చి ‘ఇవి డొమైన్లో చేరవండీ’ అని పెదవి విరవడం చిన్న కంపెనీలన్నిటికీ తెలిసిన కథే. విండోస్ 10 హోమ్‌లో కంప్యూటర్ పేరు మార్చే పెట్టె తెరిస్తే ‘డొమైన్’ అన్న అక్షరాలు బూడిదరంగులో ఉంటాయి. మౌస్‌తో ఎంత నొక్కినా చలనం ఉండదు.

విండోస్ డొమైన్ 1993లో ఎన్‌టీతో వచ్చింది. ఎవరి యూజర్ పేరు, పాస్‌వర్డు ఏవి అన్న చిట్టా అంతా ఒక్క సర్వర్ దగ్గరుంటుంది. అప్పట్లో ఇళ్లలో వాడే విండోస్ 95, 98లు కూడా ఆ సర్వర్‌కి పేరు చెప్పి లాగిన్ అయ్యేవి. 2001 అక్టోబరులో వచ్చిన ఎక్స్‌పీ హోమ్‌కి ఆ వీలూ లేకుండా పోయింది. అప్పుడు అమెరికాలో ప్రొఫెషనల్ ధర 299 డాలర్లు, హోమ్ ధర 199. లోపలి కెర్నల్ ఒక్కటే. రైలు ఒకటే, టికెట్టు తరగతి వేరు. కాబట్టి ఇది ఇంజినీరు వేసిన తాళం కాదు, దుకాణదారు వేసింది. అయితే తాళం వల్ల మేలేమీ లేదనలేం. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే కంప్యూటర్ పురుగు (వర్మ్) విజృంభించాక, పైవాళ్ల అజమాయిషీ లేని యంత్రం లోపలికొస్తే ఏమవుతుందో అడ్మిన్లకు తెలిసొచ్చింది.

దొడ్డిదారి మాత్రం ఉండేది. సర్వర్లో ఉన్న యూజర్ పేరు, పాస్‌వర్డే హోమ్ కంప్యూటర్లోనూ పెడితే ఫైళ్లు తెరుచుకునేవి. అక్కడ పాస్‌వర్డు మారిస్తే ఇక్కడా చేత్తో మార్చుకోవాలి. 2008 జూన్ తర్వాత ఎక్స్‌పీ అమ్మకాలు చాలామటుకు ఆగినా, చవక నెట్‌బుక్‌ల కోసం హోమ్ ఎడిషన్‌ని 2010 దాకా సాగదీశారు. అంటే, చవక యంత్రానికి తాళం పడ్డ ఎడిషనే దక్కింది.

అసలు దారి వేరేచోట తెరుచుకుంది. హోమ్ ఎడిషన్ తన తెరను రిమోట్ డెస్క్‌టాప్‌లో మరొకరికి అప్పగించలేదు కానీ, ఆఫీసు కంప్యూటర్ తెరను చూడగలదు. వీపీఎన్ మీద ఆ తెర తెచ్చుకుంటే డొమైన్లో చేరే పనే లేదు. చిక్కల్లా దూరం.

అండమాన్‌లో శ్రీవిజయపురం (నిన్నమొన్నటి పోర్ట్ బ్లెయిర్) శివారు బ్రూక్షాబాద్‌కి ఆ చిక్కు బాగా తెలుసు. సముద్రపు తీగ రాకముందు అక్కడి ఇంటర్నెట్ నడిచింది ఉపగ్రహం మీదే; అది ఉండేది దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున. అక్కడ నొక్కిన అక్షరం చెన్నై ఆఫీసుకెళ్లి, తిరిగొచ్చి తెరమీద పడేసరికి సుమారు అర సెకను పట్టేది. వింటే తక్కువే. ఒక ఎక్సెల్ షీటు నింపి చూస్తే తెలుస్తుంది.

కోవిడ్ లాక్‌డౌన్‌కి ముందు, 2020 మార్చి 13న, కేంద్రం బీపీఓ ఉద్యోగులు ఇంటినుంచి పనిచేయడానికి ఉన్న షరతులను సడలించింది. హైదరాబాద్ ఇళ్లు రాత్రికి రాత్రి ఆఫీసులయ్యాయి. ద్వీపాలకు మాత్రం సడలింపు ముందొచ్చింది, తీగ తర్వాతొచ్చింది. చెన్నై నుంచి సముద్రగర్భాన సుమారు 2,300 కిలోమీటర్లు వేసిన కేబుల్ ఆ ఆగస్టు 10న ప్రారంభమైంది. కాంతి ఆ దూరం పోయిరావడానికి సెకనులో నలభయ్యో వంతు చాలు. నవంబరు 5న బీపీఓల రిజిస్ట్రేషను, బ్యాంకు గ్యారంటీ నిబంధనలు కూడా ఎత్తేశారు.