కలకత్తా: బానిసల విముక్తి చరిత్ర

కలకత్తా (నేటి కోల్‌కతా) హుగ్లీ నది తూర్పు గట్టున వెలసిన రేవు నగరం. 18వ శతాబ్దంలో ఇది మనుషులను అమ్మే సంత; ఆ సంతను మూయించిన శాసనాలు పుట్టిందీ ఇక్కడే. ఎగువన డేనులకు శ్రీరాంపూర్, ఫ్రెంచివారికి చంద్రనగర్, డచ్చివారికి చిన్సురా ఉండేవి. కొద్ది మైళ్ళ నదిలోనే జెండా మారేది, చట్టమూ మారేది.

తొలి దశ: 17వ శతాబ్దంలో అరకాన్, పోర్చుగీసు ఓడదొంగలు దిగువ బెంగాల్ పల్లెలపై పడి మనుషులను చెరపట్టి అమ్మేవారు.

ఈస్టిండియా కంపెనీ కాలం: పిల్లలను ఎత్తుకుపోయి అమ్మడాన్ని అరికట్టేందుకు 1774 మేలో వారన్ హేస్టింగ్స్ ప్రభుత్వం దస్తావేజు లేని బానిస విక్రయాన్ని నిషేధించింది. 1785లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి సర్ విలియం జోన్స్, పిల్లలను నింపుకున్న పెద్ద పడవలు బహిరంగ విక్రయానికి నది దిగి వస్తున్నాయని గ్రాండ్ జ్యూరీ ముందు నిర్భయంగా చెప్పాడు. అదే దశకంలో, పారిపోయిన బానిసలను పట్టిస్తే బహుమతి ఇస్తామని నగరంలోని ఇంగ్లీషు పత్రికలలో యజమానులు ప్రకటించేవారు. చట్టం అండ లేకుండానే స్వేచ్ఛకోసం తెగించిన ఆ సాహసులకు ఈ ప్రకటనలే సాక్ష్యం.

1789 జూలైలో గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ బానిసల ఎగుమతిని నిషేధించాడు. చంద్రనగర్ ప్రాంతం నుంచి సుమారు 150 మందిని కొలంబోకు తరలించి అమ్మిన డేనిష్ ఓడ కప్తాను హొరెబౌకు మరుసటి ఏడాది కలకత్తా సుప్రీంకోర్టు జైలుశిక్ష వేసింది. 1811 రెగ్యులేషన్ దిగుమతినీ ఆపింది. 1843 ఏప్రిల్ 7న వెలువడిన 5వ చట్టం బానిసపై యాజమాన్య హక్కును కోర్టులు గుర్తించరాదనీ, బానిస స్వార్జితాన్ని లాక్కోరాదనీ నిర్దేశించింది. కంపెనీ ఏలుబడి అంతటికీ వర్తించిన ఈ చట్టం కిందికి తెలుగు జిల్లాలూ వచ్చాయి. బానిసలను కొనడం, అమ్మడం నేరమైనది మాత్రం 1860 శిక్షాస్మృతితోనే.

కూలీ వలసలు: బానిసల స్థానంలో పనికి 1834 నుంచి ఒప్పంద కూలీలను ఇక్కడినుంచి మారిషస్‌కు ఓడలెక్కించారు. కోరంగి రేవు నుంచి అక్కడికి చేరిన తెలుగువారికి ‘కోరంగి’ అన్న పేరే స్థిరపడింది. 1838 జూలైలో కలకత్తా టౌన్‌హాలు సభ ఈ కూలీల పంపకాన్ని ఖండించింది. 1839 చట్టం వలసలను నిలిపింది, కాని 1842లో మారిషస్ దారి మళ్ళీ తెరిచారు. దేశం లోపల, అస్సాం తేయాకు తోటల్లో పారిపోయిన కూలీని వారెంటు లేకుండానే పట్టుకునే అధికారం తోట దొరలకు 1865లో దక్కింది. 1886లో ఇండియన్ అసోసియేషన్ తరఫున అక్కడికి వెళ్ళిన ద్వారకానాథ్ గంగూలీ ఆ కూలీల దుస్థితిని ‘సంజీవని’ పత్రికలో అక్షరబద్ధం చేశాడు. విదేశాలకు ఒప్పంద కూలీల పంపకం 1917లో ఆగింది.