ఇంట్లో చేసిన గాల్వానిక్ సెల్: రీడింగ్ ఎందుకు నిలవదు?

సైన్స్ ఫెయిర్ దగ్గర పడితే కర్నూలు, కడప ఇళ్లలో ఇదే గొడవ. రాత్రి 1.05 వోల్టులు చూపిన సెల్ పొద్దున స్కూల్లో 0.7 చూపిస్తుంది. పిల్లలేమో భయపడి పుస్తకంలో ఉన్న 1.10 రాసేస్తారు.

ఆ 1.10 అనేది 1836లో జాన్ ఫ్రెడరిక్ డేనియల్ చేసిన జింక్-రాగి సెల్‌ది. 25 డిగ్రీల దగ్గర, రెండు ద్రావణాలూ లీటరుకు ఒక మోల్ ఉంటే వచ్చే అంకె. అంటే 100 మిల్లీలీటర్ల ద్రావణానికి మైలుతుత్తం 25 గ్రాములు, జింక్ సల్ఫేట్ 29 గ్రాములు. రెండూ ఎరువుల దుకాణంలో దొరుకుతాయి. జింక్ సల్ఫేట్ ప్యాకెట్ మీద 33 శాతం అని ఉంటే మాత్రం 18 గ్రాములు చాలు.

అయితే ఒక వైపు గాఢత పది రెట్లు తగ్గినా తేడా 0.03 వోల్టులే. కాబట్టి 0.7 వస్తే తూకాన్ని అనుమానించకండి. నేను బీకాం వాణ్ణి, లెక్క కుదరకపోతే ఒక్కో బిల్లూ తిరగేయడమే మాకు తెలిసిన పద్ధతి. ఇక్కడా అంతే.

మొదట జింక్ చూడండి. చాలామంది వాడేది జీఐ రేకు. అది ఇనుము మీద జింక్ పూత మాత్రమే. సాండ్ పేపర్‌తో గట్టిగా రుద్దితే పూత పోయి ఇనుము బయటపడుతుంది, రీడింగ్ పడిపోతుంది. ఇనుము-రాగి జతకు పుస్తకం చెప్పే విలువే 0.78. జింక్ నల్లబడితే నీలం ద్రావణం అటు చేరిందని అర్థం. తీసి కడిగి, ఆ ద్రావణం మార్చండి.

తర్వాత సాల్ట్ బ్రిడ్జ్. మన ఎండకు వోల్టేజ్ మారేది నామమాత్రమే, కానీ ఉప్పు నీళ్లలో తడిపిన కాగితం తొందరగా ఎండిపోతుంది. అంకె గెంతుతుంటే ముందు దాన్ని మార్చండి. బోరు నీళ్లు అస్సలు వద్దు. మైలుతుత్తం వేయగానే మబ్బుగా అవుతుంది. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. క్లిప్పులు ద్రావణంలో మునగకూడదు.

మీటర్‌ను డీసీ 2000ఎం దగ్గర పెట్టండి, 1050 అంటే 1.05 వోల్టులు. మీటర్ లోపలి 9 వోల్ట్ బ్యాటరీ అయిపోతుంటే ఉన్నదానికంటే ఎక్కువ చూపించే మీటర్లున్నాయి. కొత్త పెన్సిల్ సెల్‌తో ఒకసారి సరిచూడండి, 1.5 నుంచి 1.6 రావాలి. ఎల్ఈడీ తగిలించి కొలవొద్దు, వోల్టేజ్ దిగిపోతుంది.

నిమిషానికొకసారి ఐదు రీడింగ్‌లు తీసి, ఐదూ రాయండి. 1.02 వస్తే 1.02 అనే రాయండి, ఏ నీళ్లు, ఏ రేకు వాడారో పక్కనే రాయండి.

మైలుతుత్తం విషం. వంటింటి గ్లాసులు వాడకండి, చిన్నపిల్లలకు అందనివ్వకండి.